పరంధామయ్య నక్కకు సన్మానం

నల్లగుట్ట కింద ఒక మడుగుంది. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల ఇంకెక్కడా చుక్క నీరు దొరకదు, జంతువులన్నీ అక్కడికే రావాలి. ఆ మడుగుకు రెండు గట్లు. తూర్పుది రాతిగట్టు. కాలు జారదు, నీళ్లు తేటగా ఉంటాయి. పడమటిది ఒట్టి బురద. అక్కడ దిగినవాడు నీళ్లు తాగి మళ్లీ బయటికొస్తే వాడు నక్కతోక తొక్కినట్టే. ఎవరు ఏ గట్టున తాగాలో చెప్పడానికి వేసవి ముందు ఒక మడుగుపెద్దను ఎన్నుకుంటారు. ఎన్నో ఏళ్లుగా ఆ పెద్ద పరంధామయ్య అనే నక్క.

తన గెలుపుల గురించి ఆయన అడక్కుండానే చెబుతాడు. "తొమ్మిదిసార్లు నిలబడ్డాను. ఓడింది మొట్టమొదటిసారి ఒక్కటే, అది కూడా మావాళ్లు చేసిన కుట్ర" అంటాడు. మొదట్లో ఆయనది వేపరెమ్మ గుర్తు. వేపరెమ్మవాళ్లు పలచబడగానే తంగేడుపువ్వులోకి దూకాడు. తంగేడు వాడితే మోదుగాకు. మధ్యలో ఒకసారి ఏ గుర్తూ లేకుండా నిలబడి "నేను అందరివాణ్ణి" అన్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టడమంటే మాటలు కాదు, దానికీ ఓపిక కావాలి. ఆయన్ను తిట్టేముందు గొడుగు మారినప్పుడల్లా చప్పట్లు కొట్టినవాళ్లను నాలుగు తిట్టాలి. నాకైతే వాళ్లమీదే ఎక్కువ మంట.

గెలిచిన ప్రతిసారీ రాతిగట్టు అడవిపందులకే ఇచ్చేవాడు. అవి పొలాలమీద పడి తెచ్చిన దాంట్లో మొదటి వాటా ఆయనదే మరి. మిగతావాళ్లంతా బురదలో దిగేవాళ్లు.

ఆయనమీద గత మూడు ఎన్నికల్లో పోటీచేసి ఓడింది ఓబులమ్మ అనే గాడిద. ఒకప్పుడు ఆమె పిల్ల పడమటి బురదలో కూరుకుపోయింది. తల్లి మెడపట్టి లాగినా రాలేదు. ఆ వేసవి నుంచే ఆమె నిలబడుతోంది. ఇప్పుడామెకు మళ్లీ ఒక పిల్ల పుట్టింది. పాలు మానేసి నీళ్లకు పోయే వయసుకొచ్చింది.

ఎన్నికల్లో లెక్క చూసేది సాంబయ్య కొంగ. ఆయన ఓబులమ్మను చూసి జాలిపడ్డాడు.

"మూడుసార్లు ఓడావు కదమ్మా. ఇంకా ఎందుకీ తాపత్రయం?"

"పడమటి గట్టున బురద ఎండిపోయిందా సాంబయ్యా?"

"అదెక్కడ ఎండుతుంది?"

"అయితే నిలబడతాను."

"మళ్లీ ఓడితే?"

"మళ్లీ నిలబడతాను. ఈసారి మాత్రం ఊరికే నిలబడను. ఆయన ఎలా గెలుస్తున్నాడో కనిపెట్టాను. గేదెల దగ్గరికి నీడలో నెమరేసుకునేటప్పుడు పోతాడు. గొర్రెల్ని మేతకు పోయే దారిలో పట్టుకుంటాడు. మేకలకోసం గుట్టెక్కుతాడు. అందరూ ఒకచోట ఉండగా ఆయన మాట్లాడటం నువ్వెప్పుడైనా విన్నావా?"

సాంబయ్య ఒంటికాలిమీద చాలాసేపు ఆలోచించాడు. "వినలేదు. అయినా అందరూ ఒకచోటికి ఎలా వస్తారు? గేదెలకు గొర్రెల కంపు పడదు. గొర్రెలకు మేకల పొగరు పడదు."

"సన్మానమంటే వస్తారు" అంది ఓబులమ్మ.

ఆ సాయంత్రమే ఆమె నక్క దగ్గరికి వెళ్లింది. "పరంధామయ్యగారూ, మీ అంత రికార్డు ఈ అడవిలో ఎవరికీ లేదు. ఎన్నికల ముందురోజు మీకు సన్మానం చేద్దామనుకుంటున్నాను."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నువ్వా? అంటే ఈసారి పోటీ మానుకున్నావా?"

"లేదండి, నిలబడతాను. అది వేరు, ఇది వేరు."

"మరి ఇందులో నీకేం లాభం?"

"పదిమందిలో మీ పక్కన నిలబడితే నాకూ కాస్త పేరొస్తుంది కదండీ."

ఆమెకూ ఒక స్వార్థం ఉందని తెలిసేసరికి నక్కకు నమ్మకం కుదిరింది. స్వార్థం లేనివాళ్లను చూస్తేనే ఆయనకు భయం. "దండ మాత్రం కాస్త పెద్దదిగా కట్టించు" అన్నాడు.

సన్మానం చింతతోపులో పెట్టారు. ఓబులమ్మ అన్నట్టే అందరూ వచ్చారు. గేదెలు ఒక పక్క, గొర్రెలు ఒక పక్క, మేకలు బండలమీద, అడవిపందులు ముందు వరసలో. నక్కకు మోదుగపూల దండవేసి, అరటాకు శాలువా కప్పి ఎత్తుగా ఒక రాయిమీద కూర్చోబెట్టారు. సాంబయ్య అధ్యక్షుడు.

"సంప్రదాయం తెలిసిందే" అన్నాడు సాంబయ్య. "జాతికొక పెద్ద మాట్లాడాలి. సన్మానం అందుకునేవారు అందరి పొగడ్తలూ విని, చివర్లో రెండు ముక్కలు చెప్పాలి. మధ్యలో లేవకూడదు."

మొదట గేదెల తరఫున దున్నపోతు లేచింది. "నాకు ఉపన్యాసాలు రావు. ఒక్క సంగతి చెప్పి కూర్చుంటా. ఈయన మనసు వెన్న. రాతిగట్టు మీకేనని ప్రతి ఎన్నికకూ మాకు మాటిచ్చాడు. ఏవో అడ్డంకులొచ్చి ఇవ్వలేకపోయాడు గాని, ఈసారి ఖాయమన్నాడు. మన మధ్యే ఉండనీ అన్నాడు. ఇంత మంచిరోజున కూడా చెప్పకపోతే ఎలాగని చెప్పేస్తున్నా."

నక్క గొంతు సవరించుకుని లేవబోయాడు. "కూర్చోండి, మీ వంతు చివర్న" అన్నాడు సాంబయ్య.

గొర్రెల తరఫున పొట్టేలు లేచింది. దున్నపోతు వంక చూసింది, నక్క వంక చూసింది. "నేనూ పొగడటానికే వచ్చాను. కానీ నాకు అర్థం కావట్లేదు. రాతిగట్టు గొర్రెలదేనని మా దొడ్డికొచ్చి నా తలమీద చెయ్యివేసి చెప్పాడే."

"తలమీద చెయ్యే కదా" అంది బండమీంచి మేకపోతు. "మాకైతే తన పిల్లలమీద ఒట్టేశాడు. ఆయనకు పిల్లలున్నారా అసలు?"

"లేరు" అన్నారెవరో వెనకనుంచి.

నక్క దండ సర్దుకుంటూ మళ్లీ లేచాడు. "అధ్యక్షా, నేనొక్క వివరణ..."

"సంప్రదాయం" అన్నాడు సాంబయ్య. నక్క కూర్చున్నాడు. పొగిడించుకోవడానికి ఎక్కిన రాయి మీంచి తిట్లకు జడిసి దిగితే పరువు పోతుంది.

చివరగా పందుల పెద్ద లేచింది. బుర్ర తక్కువైనా కృతజ్ఞత ఉన్న జంతువు అది. "మీరంతా ఎందుకు గొడవపడుతున్నారు? రాతిగట్టు ఎప్పుడో మాది. ఈ గేదెలూ గొర్రెలూ మేకలూ కలిసి కూర్చోనంతకాలం మీ గట్టుకు ఢోకా లేదని మాకు భరోసా ఇచ్చిన మహానుభావుడు ఈయన. చప్పట్లు కొట్టండి."

ఎవరూ కొట్టలేదు. ఇక నక్క వంతు వచ్చింది. మాటకారి కదా, వదుల్తాడా. "సోదరులారా, రాతిగట్టు ఒక్కటే కావచ్చు. నా మనసులో మాత్రం మీ అందరికీ..."

"మనసులో నీళ్లు తాగలేం గాని పరంధామయ్యా, గట్టు సంగతి చెప్పు" అంది పొట్టేలు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాళ్లంతా ఒకచోట చేరితే లోకువయ్యేది ఎవరో నక్కకు అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు ఎన్నిక. పోటీదారులు చెరోవైపు నిలబడితే, నచ్చినవాళ్ల వెనక జంతువులు వెళ్లి నిలబడతాయి, సాంబయ్య తలలు లెక్కపెడతాడు. నక్క వెనక పందులు చేరాయి. మిగతావాళ్లు మధ్యలోనే ఆగిపోయారు. ఓబులమ్మ వెనక ఒక్కరూ లేరు.

"ఏమయింది?" అని అడిగింది ఓబులమ్మ.

దున్నపోతు ఇబ్బందిగా కాళ్లు మార్చింది. "నువ్వంటే గౌరవమేనమ్మా. కానీ గాడిద వెనక నిలబడితే తంతుందని మా తాతలనాటినుంచీ అనుకునే మాట."

"మూడుసార్లూ అందుకే రాలేదా?"

"నక్క కూడా గుర్తుచేసేవాడు" అంది పొట్టేలు తలదించుకుని.

ఓబులమ్మ పడమటి గట్టు వైపు చూసింది. మూడు వేసవులు, ఎన్ని పిల్లలు ఆ బురదలో ఇరుక్కున్నాయో, దీనికోసమా? అయినా కోపం తీర్చుకోడానికి రాలేదామె, పిల్లకు దారి చెయ్యడానికి వచ్చింది. "సరే, వెనక వద్దు. నా ముందుకొచ్చి నిలబడండి. ఒకరి మొహం ఒకరికి కనబడుతుంది. గట్టు అందరిదీ అంటున్నాను, రేపు ఆ మాట తప్పితే అప్పుడే నిలదీయొచ్చు."

"ఇది చెల్లదు" అని అరిచాడు నక్క. "వెనకే నిలబడాలి."

"ఎవరి పక్షమో తెలియాలి, అంతే" అన్నాడు సాంబయ్య. "ముందా వెనకా అని ఎవరూ విధించలేదు."

మొదట మేకలు కదిలాయి. తర్వాత గొర్రెలు, ఆ తర్వాత బరువుగా గేదెలు. పందుల పెద్ద అటూ ఇటూ చూసి, "మరి మా గట్టు?" అని నక్కను అడిగింది. నక్క నిన్నటి దండ సర్దుకుంటూ దిక్కులు చూసేసరికి అదీ తన మందను తీసుకుని ఓబులమ్మ ముందుకు పోయింది. ఇన్ని గెలుపుల పరంధామయ్య వెనక ఆయన తోక ఒక్కటే మిగిలింది.

ఆయన మాత్రం ఎంతసేపు ఒంటరిగా ఉంటాడు? మెడలోని మోదుగపూలు పీకేసి పరుగున వచ్చాడు. "ఓబులమ్మగారూ, మీకు సన్మానం చెయ్యాలని నాకెప్పటినుంచో ఉంది."

"వద్దండి" అంది ఓబులమ్మ. "రాతిగట్టు ఇకనుంచి అందరిదీ. ముందు పిల్లలున్న తల్లులు, తర్వాత మిగతావాళ్లు వంతులవారీగా. పందులకూ వంతుంది. మీకూ ఉంది, చివర్న. వెళ్లి నిలబడండి."

మధ్యాహ్నపు ఎండలో పరంధామయ్య తన కంటే ముందున్న గొర్రెపిల్లలను, దూడలను చూస్తూ నాలుక వేలాడేసుకుని నిలబడ్డాడు. ఎవరితోనైనా రహస్యంగా మాట్లాడదామన్నా వరసలో అందరికీ వినబడిపోతోంది. ఓబులమ్మ అటు చూడనేలేదు. ఆమె కళ్లు రాతిగట్టుమీదే ఉన్నాయి. అక్కడ ఆమె పిల్ల నాలుగు కాళ్లూ గట్టిగా ఆనించి, మోకాళ్లు కూడా తడవకుండా నీళ్లు తాగుతోంది.

నీతి: నీ చెవిలో గుసగుసగా చెప్పిన వాగ్దానాన్ని పక్కవాడి దగ్గర పైకి అనిచూడు, వాడి చెవిలోనూ అదే పడి ఉంటుంది.