పలచని రేకు

చక్రవర్తి భోజనానికి పింగాణీ పాత్రలు చేసే ఊరు అది. రంగులు దిద్దే గదికి పగలల్లా తలుపులు మూసే ఉంచేవారు, దుమ్ము పడకుండా. ఆ గదిలో యువాన్ ఒక్కడే కూర్చుని, చామంతి ఆకారంలో చేసిన పళ్ళేలకి రేకు రేకునా గాజురంగు నింపేవాడు.

ఆ రంగుకో మాయదారి గుణం ఉంది. దిద్దేటప్పుడు బూడిదలా ఉంటుంది. ఆవం నిప్పులో కాలితేగానీ గులాబీ వన్నె తేలదు. ఆవమేమో ఊరి అవతల. అక్కడికి రంగులవాళ్ళని రానివ్వరు. కాలిన పళ్ళేలు కాలినట్టే గడ్డిలో చుట్టుకుని, పడవెక్కి రాజధానికి పోయేవి. చక్రవర్తి తింటాడు, వంటవాళ్ళు కడుగుతారు, దిద్దినవాడికి మాత్రం చూసే యోగం లేదు. ఇదెక్కడి న్యాయమో! తప్పు దొరికినవి మాత్రమే వెనక్కి వచ్చేవి, పగలగొట్టడానికి.

"నా పని బాగా వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది గురువుగారూ?" అని అడిగాడోసారి.

ముసలి గురువు పాంగ్ కుంచె కడుగుతూ, "తిరిగి రాలేదు కదా," అన్నాడు.

ఆ జవాబు యువాన్‌కి సరిపోలేదు. నా అన్నవాళ్ళు లేరు. గురువు తప్ప పలకరించే మనిషి లేడు. తన చేతిపనినైనా కళ్ళారా చూసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఆ వసంతంలో ఒక పళ్ళెం దిద్దుతుండగా, ఇంతకన్నా మంచిది ఇక తన చేత కాదని తెలిసిపోయింది. అప్పుడు చేయకూడని పని చేశాడు. చివరి రేకు మీద రంగు కావాలనే పలచగా వదిలేశాడు.

అనుకున్నట్టే పళ్ళెం వెనక్కి వచ్చింది. గురువు దాన్ని తెచ్చి యువాన్ ముందు పెట్టాడు. తిట్టలేదు.

"చూసుకో," అన్నాడు.

యువాన్ చూశాడు. పాలిపోయిన ఆ రేకు కంట్లో నలుసులా గుచ్చుకుంది. చూపు పక్కకి తిప్పాడు. మళ్ళీ అక్కడికే పోయింది.

గురువు తన రొట్టెలో ముక్క తుంచి ఆ రేకు మీద పెట్టాడు. తప్పు కనిపించకుండా పోయింది.

"ఇప్పుడు చూడు."

చుట్టూ రేకులన్నీ గులాబీ రంగులో నిగనిగలాడుతున్నాయి. యువాన్ పళ్ళెం మీదికి వంగి చూశాడు.

"రొట్టె తప్ప ఏమీ కనిపించడం లేదు గురువుగారూ."

గురువు ఆ ముక్క తీసి తినేశాడు. సుత్తి యువాన్ చేతికిచ్చాడు. ఒక్క దెబ్బకే పళ్ళెం పగిలింది.

పెంకులు ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగాడు యువాన్. "మీకెప్పుడూ చూసుకోవాలనిపించలేదా?"

"ఎందుకనిపించదూ," అన్నాడు పాంగ్. లేచి, గాలికి తెరుచుకున్న తలుపు మళ్ళీ మూశాడు.

"నేను చూడనివన్నీ బాగున్నాయి, నాయనా."