ఉప్పు, నీళ్ళు

ఖలందర్ బాషాకు పొద్దుటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కంప్యూటరు ముందు కూర్చుంటాడు, లేస్తాడు, దర్గా వరండాలోకి వచ్చి మళ్ళీ లోపలికి పోతాడు.

పాత క్యాసెట్లలోని తత్వాలను బాగుచేసే పని అతనికి గురువు జలాలుద్దీన్ షా అప్పగించారు. ఖలందర్ ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అది ఒక్కో పాట పేరునూ ఇంకో ప్రోగ్రాంకి అందిస్తుంది. ఆ రెండోది పాటలోని గరగర తీసేస్తుంది. అయితే దానికి ఒక పద్ధతి ఉంది. ఒక పేరు కాక రెండు పేర్లు అందితే, మొదటిదాన్ని శుభ్రం చేసి, రెండోదాన్ని చెరిపేసి దాని మీద ఎక్కించేస్తుంది.

"వాన తత్వం" అనే పాట వంతు వచ్చింది. మాటల మధ్య ఉన్న ఖాళీ దగ్గర ఆ పేరు తెగి రెండు పేర్లుగా అందింది. 'వాన' అన్న పేరుతో ఖలందర్ ఎప్పుడో సరదాకి రికార్డు చేసుకున్న వాన చప్పుడు ఉంది. 'తత్వం' అన్న పేరుతో గురువుగారి గురువు పాడినది ఉంది. ఆయన గొంతు మిగిలింది అందులోనే. దాని క్యాసెట్టు, పాటను కంప్యూటరులోకి ఎక్కించిన రోజే తెగిపోయింది.

ఇప్పుడు 'తత్వం' పెడితే వాన కురుస్తోంది.

గురువుకు చెప్పక తప్పలేదు. తప్పంతా ఆ రెండో ప్రోగ్రాందేనని, దాన్ని తయారుచేసినవాళ్ళకు బుద్ధి లేదని చెప్పాడు.

"నేను సరిగ్గానే చెప్పాను హజ్రత్. అదే తప్పుగా విన్నది."

జలాలుద్దీన్ షా పుక్కిలించడానికి ఉప్పునీళ్ళు తెప్పించమన్నారు.

ఖలందర్ వంటగది గుమ్మం దాకా వెళ్ళాడు. మనసు కంప్యూటరు దగ్గరే ఉంది. వంట చేసే ఖాసింబీతో "ఉప్పు" అన్నాడు. అంతలో ఏదో ఉపాయం తట్టినట్టయి ఆగాడు. అది పనికిరాదని తోచాక "నీళ్ళు" అనేసి వచ్చేశాడు.

ఆమె ఒక చేత్తో ఉప్పు గిన్నె, ఒక చేత్తో నీళ్ళ చెంబు తెచ్చి గురువు ముందు పెట్టింది. ఖలందర్ విసుక్కున్నాడు. ఉప్పునీళ్ళు అడిగితే ఇవేమిటన్నాడు.

"నువ్వు చెప్పినవే కదా నాయనా తెచ్చింది" అంది ఖాసింబీ.

గురువు చిటికెడు ఉప్పు తీసి నీళ్ళలో వేశారు. వేలితో కరిగేదాకా కలిపి, చెంబును శిష్యుడి చేతిలో పెట్టారు.

"ఆమెకు అందించు."

అందించాడు. ఖాసింబీ ఏమీ అర్థంకాక చెంబు పట్టుకుని నిలబడింది.

"ఈసారి ఎన్ని అందాయి?"

ఖలందర్ తల దించుకున్నాడు. "ఒకటే, హజ్రత్."

"అనడంతో నీ పని అయిపోదు బేటా. అందేదాకా నీదే."

ఆయన చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఉప్పు కాస్త ఎక్కువైందన్నారు.