గైరమ్మ చూసిన ఇసుక

అనగా అనగా, మన అవ్వలకి అవ్వ కూడా పుట్టని రోజుల్లో, ఏటి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక వీధి బడి. బడికి ఒక పంతులు, పంతులికి ముప్పైమంది పిల్లలు. పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు, ఇట్టే పట్టేసేవాళ్ళు, ఎంత చెప్పినా ఎక్కనివాళ్ళు, అందరూ ఒకే అరుగు మీద. పలకలు లేవు. ఎవరి ముందు వాళ్ళకి ఇంత ఇసుక. వేలితో దిద్దడం, పైకి చదవడం.

ఆ ఇసుక మోసుకొచ్చేది, బడి ఊడ్చేది గైరమ్మ. ఆమె మొగుడు పడవ నడిపేవాడు. అతణ్ణి ఏరు తీసుకుపోయింది. అతని అడుగులు నీళ్ళదాకా వెళ్ళడం ఒడ్డు ఇసుకలో చూసింది. వెనక్కి రావడం చూడలేదు. అప్పట్నించీ ఇసుక మీద గుర్తుంటే చూడకుండా తుడవడం ఆమె చేత కాలేదు. సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఒక్కో చోటా వంగేది. చూసేది. ఆ తర్వాతే తుడిచేది.

అక్షరం ముక్క రాదు గైరమ్మకి. అయినా ఇసుక చెప్పేది. వచ్చిన అక్షరం దగ్గర గీత తేలిగ్గా, పిట్ట నడిచినట్టు పోయేది. భయమేసిన చోట వంకర్లు తిరిగేది. రాని చోట వేలు నిలబడిపోయి గుంట పడేది.

పైడి అని జాలరి పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళ నాన్న ఊరి పెద్దల కాళ్ళావేళ్ళా పడి బడిలో వేశాడు. పెద్దలు ఒకటే మాట అన్నారు. "కోతలయ్యాక వస్తాం. పది అక్షరాలు దిద్ది చదివితే ఉంటుంది. లేదంటే పోతుంది."

పంతులు అందరికీ ఒకటే పాఠం చెప్పేవాడు. పైడి ముందు మూడో అక్షరం దగ్గరే గుంట.

పంతులి ముందు గైరమ్మకి నోరు పెగిలేది కాదు. అయినా వెళ్ళి చెప్పింది. "పంతులు బాబూ, ఆ పిల్ల వేలు మూడోదాని దగ్గరే ఆగిపోతోందండి. మీరేమో తొమ్మిదోదాని దగ్గరున్నారు."

పంతులు నవ్వాడు. "అలాగా! రేపట్నించి నువ్వు చెప్పు గైరమ్మా, నేను చీపురు పడతాను."

రెండోసారి చెప్పింది. కసిరాడు. "నీ పని తుడవడం. బడి అద్దంలా ఉండాలి, అంతే."

మూడోసారి చెప్పింది. తలెత్తి చూడనైనా లేదు.

మర్నాడు పొద్దున్నే గైరమ్మ పైడిని పిలిచింది. "ఇక్కడ ఆగావు కదే తల్లీ. ఇది ఎవరికొచ్చు?"

"ఆ పిల్ల అచ్చియ్యకి వచ్చవ్వా. దానికీ మొన్నే వచ్చింది."

"అయితే దాని పక్కన కూర్చో. ఇది వచ్చేదాకా ఇదే దిద్దు."

ఒకరోజు, రెండురోజులు, మూడురోజులు. గుంట పూడింది. అప్పుడు నాలుగోది. దానికి ఇంకో పిల్ల పక్కన. ఆగినవాళ్ళనల్లా అలాగే కూర్చోబెట్టింది. వేలు పరుగెత్తేవాళ్ళని పంతులి దగ్గరగా తోసింది. పంతులు గమనించలేదు. పైడికి ఆరు అక్షరాలు వచ్చాయి.

వానల్లో ఇసుక మోసి గైరమ్మ జ్వరాన పడింది. పైడి ఆమె గుడిసెకి వెళ్ళింది.

"ఏడోదాని దగ్గర గుంట పూడిందా?" అంది గైరమ్మ.

"లేదు. నువ్వొస్తే పూడుతుంది. లే అవ్వా."

గైరమ్మ లేవలేదు. మూడోరోజుకి పోయింది. మోయడానికి నలుగురు దొరకడానికే పొద్దువాలింది.

కొత్తగా వచ్చినామె చెయ్యి చురుకు. పిల్లలు ఇలా లేస్తే అలా తుడిచేసేది. బడి అద్దంలా ఉందని పంతులు మెచ్చుకున్నాడు.

కోతలయ్యాయి. పెద్దలు వచ్చారు. కరణంగారి మనవడు ఇసుకలో వేలు ఆడిస్తూ గడగడా పది చదివాడు. శభాష్ అన్నారు. పైడి ఒకటి దిద్దింది, చదివింది. రెండు దిద్దింది, చదివింది. ఆరు దాటింది. ఏడోదాని దగ్గర వేలు నిలబడిపోయింది.

"ఏమే, గొంతులో చేపముల్లు గుచ్చుకుందా?" అన్నాడొక పెద్ద. అందరూ నవ్వారు. "మొద్దు పిల్ల. పంపేయండి."

పైడి ఏడవలేదు. వేలికంటిన ఇసుక పావడాకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

చీపురామె వచ్చింది. "ఆగు," అన్నాడు పంతులు. ఆ పిల్ల చదివిన ఆరూ ఆయన చెవుల్లోనే ఉన్నాయి. మొదటిసారి వంగాడు. చూశాడు. ఆరు అక్షరాలు పిట్ట నడిచినట్టున్నాయి. ఏడో చోట గుంట. కరణంగారి మనవడి ఇసుక చూశాడు. పదికి పదీ వంకర్లే. నోటికి వచ్చినవి వేలికి రాలేదు.

గైరమ్మ మూడుసార్లు వచ్చి చెప్పింది ఇదేనని పంతులికి అప్పుడు తెలిసింది.

తెల్లవారి జాలరిపేటకి వెళ్ళాడు. పైడి వాళ్ళ తలుపు తీసి ఉంది, లోపల ఎవరూ లేరు. "వలలు సర్దుకుని దిగువకి పోయారు బాబూ, వాళ్ళ మేనమామ ఊరు," అంది పక్కింటామె. "పిల్ల అక్కడ చేపలు ఎండబెడుతుందిలెండి."

పంతులు రెండుసార్లు దిగువకి మనిషిని పంపాడు. మూడోసారి తానే వెళ్ళాడు. దొరకలేదు. ఆ ఏడో అక్షరం పైడికి ఎవరైనా చెప్పారో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

బతికినన్నాళ్ళూ ఆ పంతులు సాయంత్రం ఒక్కో చోటా వంగి చూసి, మర్నాడు ఎవరికి ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే చెప్పాడు.

ఇసుక పోయింది, పలకలొచ్చాయి. ఆ వైపు ఇప్పటికీ పిల్లల పలక చూడకుండా ఎవరూ చెరపరు. ఏ పంతులైనా ఒక పిల్లని మొద్దు అన్నాడంటే, అక్కడున్న ముసలమ్మ ఎవరో ఒకరు మెల్లిగా అడుగుతుంది, "గైరమ్మ చూసిందా బాబూ?" అని.

ఆ మాట పడ్డాక ఎంతటి పంతులైనా నోరు మూసుకుని వంగాల్సిందే.