హాల్డెన్‌షా కిటికీ సూర్యనారాయణ స్వామి

భక్తులారా! ఇంగ్లండు ఉత్తరాన హాల్డెన్‌షా అనే మిల్లుల ఊళ్ళో, మేడమీది గదిలో కొలువైన ఈ స్వామికి విగ్రహం లేదు. పన్నెండు అద్దాల తూర్పు కిటికీయే గర్భగుడి. ధూపం లేదు, కర్పూర హారతి లేదు. గుమ్మంలో అర్చకులవారు మాత్రం ఒక ప్రశ్న అడుగుతారు. ఎందుకడుగుతారో వినండి.

పూర్వం ఇక్కడికి కోరంగి రేవు నుంచి పైడమ్మ అనే ఇల్లాలు వచ్చింది. పసితనంలో ఆమెకు చూపు పోబోతే, ఉదయభానుణ్ణి చూశాకే నా బిడ్డ అన్నం ముడుతుందని తల్లి మొక్కుకుంది. చూపు నిలిచింది. పెద్దయ్యాక, దొర బిడ్డలకు ఆయాగా ఓడెక్కిన పైడమ్మను, పని తీరగానే ఆ దొరలు వదిలేశారు. చాకలిపని చేసుకునే ఆగ్నెసమ్మ చేరదీసి మేడమీద ఈ గది ఇచ్చింది.

తెల్లవారితే పైడమ్మ కిటికీ దగ్గర నిలబడేది. ఎదురుగా మిల్లు గొట్టం, పొగ. స్వామి లేడు! అన్నం ముట్టక రొట్టె తిని కాలం గడిపింది. ఊరి నుంచి తెచ్చుకున్న గుప్పెడు బియ్యం మూటలోనే ఉండిపోయింది. మసి పట్టిన అద్దాలు తడిగుడ్డతో తుడుస్తూ, “నేనిక్కడున్నానని ఎరుగుదువా తండ్రీ?” అని అడిగేది.

ఆరేసిన దుప్పట్లు పాడవుతుంటే ఆగ్నెసమ్మ మిల్లు మీద కోర్టుకెక్కింది. ఆనాటి చట్టంలో ‘నల్లని పొగ’ అని ఉంది. మిల్లు వకీలు లేచి, “మాది గోధుమరంగు పొగండీ” అన్నాడు.

“నా దుప్పటి మీద పడేసరికి నల్లబడిందా నాయనా?” అంది ఆగ్నెసమ్మ. అందరూ నవ్వారు. కేసు మాత్రం పోయింది.

1926లో కొత్త చట్టం వచ్చి, నల్లనిదే కానక్కర్లేదు, ఏ రంగు పొగైనా తప్పేనంది. మిల్లు పొగ పలచబడింది. పైడమ్మ ఆశగా కిటికీ తీసింది. అయినా స్వామి లేడు! ఇళ్ళలోని పొయ్యిల జోలికి ఆ చట్టం పోలేదు మరి.

ఆ మర్నాటి తెల్లవారుజామున స్వామి కలలో కనబడి, “అమ్మా, రోజూ నీ వాకిట్లోకి వస్తూనే ఉన్నాను. మధ్యలో నీ పొయ్యి అడ్డంగా ఉంది” అన్నాడు.

లేస్తూనే పైడమ్మ తన గదిలోని బొగ్గుల పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించింది.

“పిచ్చా పైడీ? ఊరంతా పొగైతే నీ గుప్పెడు బొగ్గు ఆయనకో లెక్కా? చలికి కొయ్యబారిపోతావే!”

“ఎంతదని కాదు ఆగ్నెసమ్మా, అది నాది కదా.”

ఏళ్ళ తరబడి ప్రతి చలికాలం బొంతలు కప్పుకుని ఎదురుచూసింది. జుట్టు నెరిసింది. 1952లో లండనులో బొగ్గు పొగ కలిసిన పొగమంచుకు వేలమంది పోయాక, 1956 చట్టం ఇళ్ళ పొయ్యిల దాకా వచ్చింది. అధికారులు ఈ వీధిని పొగలేని వీధిగా ప్రకటించి, ఇల్లిల్లూ తిరిగి బొగ్గు మాన్పించారు. ఈ గదికి వచ్చేసరికి పొయ్యిలో సాలెగూడు కనిపించింది.

ఆపై వచ్చిన రథసప్తమి నాడు, కిటికీ అడుగు వరుస అద్దాల్లో కుంకుమ బొట్టంత ఎరుపు పొడిచింది. పైడమ్మ కాలితో నేల తట్టి పిలిచింది. కర్ర పొడుచుకుంటూ మెట్లెక్కి వచ్చిన ఆగ్నెసమ్మ చూసి, “ఇన్నాళ్ళూ ఈయన కోసమటే!” అంది. కొత్త గ్యాసు పొయ్యి తనే వెలిగించింది. పురుగు తినగా మిగిలిన కోరంగి గింజలను కొత్త బియ్యంలో కలిపి వండారు. మొదటి ముద్ద పైడమ్మ నోటికందించింది ఆగ్నెసమ్మే.

నేటికీ రథసప్తమికి ఇక్కడ పొగ రాని పొయ్యి మీద వండిన తెల్లన్నమే నైవేద్యం. భక్తులు తడిగుడ్డతో ఒక్కో అద్దం తుడిచి నిలబడతారు. మబ్బు పట్టినా కదలరు. దూరాన ఉన్న తమవారిని తలుచుకుని ఇక్కడ వేచినవారికి ఎడబాటు తీరుతుందని నమ్మకం.

మీరూ రండి. గుమ్మంలో అర్చకులవారు అడుగుతారు: “మీ పొయ్యి ఆర్పి వచ్చారా?”

ఆర్పితేనే అవునని చెప్పి, లోపలికి అడుగు పెట్టండి.