ఎర్రన్న నల్లరాళ్ల గొయ్యి

మంచుగుబ్బ కొండ మీద చలి మహా మొండిది. అక్కడి జంతువులన్నీ రాత్రుళ్లు ఒకే గుహలో చేరి, మండే నల్లరాళ్ల చుట్టూ ముడుచుకుని పడుకునేవి. ఆ రాళ్లను గోతిలోంచి ముళ్లపందుల చేత తవ్వించేది నక్క ఎర్రన్న, మోసేది దున్నపోతు పోలయ్య. రాళ్లకు బదులుగా అందరి తిండిలోనూ ఎర్రన్నకు వాటా అందేది కాబట్టి, తవ్వకం పెరిగినకొద్దీ అతనికి పండగే.

పోలయ్యకు మాత్రం దిగులు పట్టుకుంది. గోతి గోడ చెమరుస్తోంది. ఆ గోడకు అవతలే కొండంతటికీ నీళ్లిచ్చే ఊట ఉంది. ఇంకా తవ్వితే ఆ నీళ్లన్నీ గోతిలో పడి ఇంకిపోతాయి. కానీ చలికి వణికే పిల్లల ముందు తవ్వడం ఆపమని ఏ నోటితో చెబుతాడు? లోలోపలే నలిగిపోయి, చివరికి తాబేలు నూకమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు.

నూకమ్మ బతుకంతా ఎండలో బండల మీదే గడిచింది. మధ్యాహ్నమంతా కాగిన రాళ్లను పొద్దు వాలకముందే గుహలోకి దొర్లించి చూడమంది. చూశారు. అర్ధరాత్రి దాటినా రాళ్లు వెచ్చగానే ఉన్నాయి. ఇక సగం నల్లరాళ్లు చాలు, ఊట బతికిందనుకుని పోలయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

ఎర్రన్న అడ్డుపడతాడని అందరూ అనుకున్నారు. అతను అందరికంటే ముందు నూకమ్మను మెచ్చుకుని, మర్నాడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. గుహ ఎలాగూ వెచ్చబడింది కదా, వాకిట్లో కూడా ఒక మంట ఉంటే బాగుంటుందని జింకలకు చెప్పాడు. ఇప్పపువ్వు ఎండేదాకా ఆగడమెందుకు, మంట మీద ఆరబెట్టుకోమని ఎలుగుబంట్లకు నేర్పాడు. మిగిలిన నల్లరాళ్లే కదా అని అందరూ తీసుకున్నారు. సాయంత్రమైతే గుహలోకి దొర్లే ఎండరాళ్లను చూసి మురిసిపోయేవారే తప్ప, గోతిలోకి తొంగిచూసినవాడు ఒక్కడు లేడు. పోలయ్య మోత తగ్గకపోగా ఇంకో విడత పెరిగింది.

ఉండబట్టలేక ఒకనాడు అందరి ముందూ అడిగేశాడు. "ఎండరాళ్లు వచ్చాక గొయ్యి ఆగాలి కదా, ఇంకా లోతెందుకు అవుతోంది?"

ఎర్రన్న నవ్వాడు. "నిరుడు ఒక్క ఎండరాయైనా ఉందా బావా? ఇప్పుడు గుహ నిండా ఉన్నాయి. ఇంత మారాక కూడా ఏం మారలేదంటే ఎలా?"

అందరూ అవునవునన్నారు. పోలయ్యకు సిగ్గేసింది. మర్నాడు మళ్లీ మోతకు వెళ్లాడు. తెలిసీ వెళ్లాడు చూడండి, అదీ బాధ.

ఆ చలికాలం దాటకుండానే గోడ కూలింది. ఊట నీళ్లు గోతిలోకి దూకి, మసి బురదై, అడుగు పగుళ్లలోకి జారిపోయాయి. పైన అందరూ తాగే ఊట మడుగు ఎండిపోయింది. పిల్లాజెల్లాతో జంతువులన్నీ నీళ్లున్న కొండ వెతుక్కుంటూ బయల్దేరాయి.

ఎర్రన్న తన నల్లరాళ్ల గుట్ట పక్కన నిలబడి, ఎండిన నాలుకతో పోలయ్యను పిలిచాడు. "అక్కడా చలి ఉంటుంది బావా. ఇవి మోసుకురా, నీకూ వాటా ఇస్తాను."

"దాహమేస్తే వీటిని తాగుతావా?" అన్నాడు పోలయ్య, ముందుకు నడుస్తూనే.

గుట్టను వదల్లేక వదిలి, ఎర్రన్న కూడా నీళ్ల కోసం అందరి వెనకే నడిచాడు.

కొత్తది ఎంత వచ్చిందని మురిసేముందు, పాతది ఎంత తగ్గిందో చూసుకోవాలి.