అర నిమిషం సన్నాయి

“ముప్పై సెకన్లలో జనం మనసు పట్టుకోవాలంటే ఎంత గట్టిగా వాయించాలి గురువుగారూ?”

యల్లమంద ఈ మాట అడిగేసరికి ఖాదర్ సాహెబ్ సన్నాయి పీకను నీళ్లలో తడుపుకుంటున్నాడు. చిలకలూరిపేట చుట్టుపక్కల ఆయన సన్నాయి మోగని పెళ్లిళ్లు తక్కువ. శిష్యులు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. “ముందు జరిగింది చెప్పు,” అన్నాడు.

గుంటూరులో పట్టుచీరల వ్యాపారి వెంకటరత్నం టీవీలో వేయడానికి ముప్పై సెకన్ల ప్రకటన ఒకటి తీయించాడు. పెళ్లికూతురు పట్టుచీర కట్టుకుని మేడమెట్లు దిగి వస్తుంది, అంతే. దానికి సంగీతం కట్టే పని యల్లమందకు వచ్చింది. తన సన్నాయి మొదటిసారి టీవీలో వినబడబోతోందన్న సంబరంలో, పిల్ల ఆఖరి మెట్టు దిగేసరికి అతడు గట్టిమేళం మోగించాడు. తాళి కట్టే వేళ తుమ్మూ దగ్గూ వినబడకుండా వాయించే మేళం అది. అంతకన్నా ఘనమైనది మరొకటి లేదనుకున్నాడు.

వెంకటరత్నం ఇంట్లో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి దాన్ని వేసి చూపించాడు. మేళం మోగిందో లేదో, అందరూ లేచి నిలబడ్డారు. ఆయన తల్లి అక్షింతల కోసం చుట్టూ వెతుక్కుంది. తీరా చీర రంగేమిటని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు.

“నేను చీరలమ్ముకుందామంటే నువ్వు తాళి కట్టించావేమయ్యా!” అన్నాడు వెంకటరత్నం. “శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ కుదరకపోతే నీకూ సన్నాయికీ ఓ నమస్కారం. కీబోర్డు పెట్టుకుంటాను.”

అంతా విని ఖాదర్ సాహెబ్ నవ్వలేదు, తిట్టలేదు. “రేపు నాదెండ్లలో పెళ్లి ఉంది, నాతో రా. వాయించొద్దు. నా వంక చూడొద్దు కూడా. జనానికి ఎదురుగా కూర్చో,” అన్నాడు.

మర్నాడు పందిట్లో ఎవరి గోల వారిది. ఇద్దరు బావలు ఒక కుర్చీ దగ్గర తగువు పడుతున్నారు. వెనక వరసలో ఆడవాళ్లు ఎవరి కోడలినో ఉతికి ఆరేస్తున్నారు. సాహెబ్ జోరుగానే వాయిస్తున్నాడు కానీ, ఆ సందడిలో అదీ ఒక సందడి. యల్లమందకు చిరాకు వేసింది. ఇంత విద్య వీళ్లకెందుకనుకున్నాడు.

అంతలో మేనమామలు పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి గుమ్మం దాటించారు. సాహెబ్ కనుబొమ్మ ఎత్తాడు. డోలు టక్కున ఆగింది. ఆనందభైరవి రాగంలో ఒక చిన్న పలుకు, తొందర లేకుండా, ఒకే ఊపిరిలో సాగింది. ఆ తరువాత ఆయన కొంచెం ఖాళీ వదిలాడు.

ఆ ఖాళీలో పందిరంతా గుమ్మం వైపు తిరిగింది. కుర్చీ కోసం పోట్లాడుతున్న బావ మాట సగంలో మింగేశాడు. వెనక వరసలో కోడలు బతికిపోయింది. “ఆ చీర చూడవే పిన్నీ, పిల్లకి ఎట్లా ఒప్పిందో!” అంది ఎవరో.

గంప పీటల దగ్గరకు చేరేసరికి అర నిమిషం కూడా పట్టలేదు. తిరిగి వచ్చే దారంతా యల్లమంద ఆ పలుకునే కూనిరాగం తీస్తూ నడిచాడు.

శుక్రవారం వెంకటరత్నం ఇంట్లో మళ్లీ అందరూ టీవీ ముందు కూర్చున్నారు. ఈసారి మెట్ల మీద డోలు లేదు. పిల్ల కొంగు సర్దుకునే చోట చిన్న పలుకు, ఆఖరి మెట్టు మీద కాస్త నిశ్శబ్దం. ఎవరూ లేవలేదు, ఎవరూ కదల్లేదు. ముసలావిడ మాత్రం ముందుకు వంగి, “అంచు ఆకుపచ్చా, నెమలికంఠమా? ఇంకోసారి వెయ్యరా,” అంది. వెంకటరత్నం తల్లి మొహం చూసి, “ఇదే వేసేద్దాం,” అన్నాడు.

పది రోజులు తిరక్కుండా, “టీవీలో మెట్లు దిగే చీర ఉందా?” అంటూ జనం దుకాణానికి రావడం మొదలుపెట్టారు.

యల్లమంద మిఠాయి పొట్లం పట్టుకుని గురువు దగ్గరకు వచ్చాడు. సంతోషంగానే ఉన్నాడు కానీ మనసులో ఏదో వెలితి.

“పని నిలబడింది గురువుగారూ, మీ దయ. కానీ ఇంతమంది చూశారా, ఆ సన్నాయి ఎవరిదని ఒక్కరూ అడగలేదు.”

ఖాదర్ సాహెబ్ మిఠాయి ముక్క నోట్లో వేసుకుని, తీరిగ్గా నమిలాడు.

“నలభై ఏళ్ల నుంచి నన్నూ ఎవరూ అడగలేదురా. పెళ్లికూతురు బాగుందనే అన్నారు.”