చెంప మీద గాటున్న రాజు

పక్కలు దులిపారా? దగ్గరికి జరగండి. ఒరే చంటీ, ఆ కాళ్ళు నా మీద నుంచి తియ్యరా, బియ్యం బస్తాల్లా ఉన్నాయి. మేదినీ, నువ్వా మూతి ముడుపు మానెయ్. గొలుసులో నాణెం చూసి ఫ్రెండ్సు నవ్వారని తీసి పెట్టెలో పడేశావుట, మీ అమ్మ చెప్పింది. కొత్త మోడల్ గొలుసు కొని, అందులో పాత నాణెం ఎంత ముచ్చటపడి వేయించిందే! సరే, ఊ కొట్టండి. ఊ కొట్టకపోతే కథ అలిగి పోతుంది.

అనగనగనగా సముద్రం పక్కన ఒక రేవు ఊరు. ఆ ఊరికి ఒక రాజు, రాజుకి ఒక్కతే కూతురు, పేరు సువర్చల. కొండలవతల రాజుగారి కొడుక్కి పిల్లనిద్దామని మాటలు కలిపారు. పిల్లాడు బంగారమే, వాళ్ళమ్మే నిప్పుల కుంపటి. వచ్చింది, కూచుంది, ముక్కు మూసుకుంది. ఉప్పు గాలీ చేపల వాసనా తప్ప మీ ఊళ్ళో ఏముందమ్మా అనేసింది! పెళ్ళికూతురి మెళ్ళో మా ఏనుగు ముద్రలున్న కాసులపేరు వెయ్యండి, అప్పుడైనా మా పిల్లలా కనబడుతుంది అని కూడా అంది. పెద్ద సంబంధం కదా, రాజుగారు మింగలేక కక్కలేక సరేనన్నాడు. అనకేం చేస్తాడు, ఆడపిల్ల తండ్రి.

ఇంతలో పెళ్ళి పందిరికి గుంజలు పాతుతుంటే పారకి ఠంగుమని ఒక ముంత తగిలింది. ముంత నిండా బంగారు నాణేలు! ఒక్కోదాని మీదా ఒక రాజు మొహం. ఉంగరాల జుట్టు, కోటేరు ముక్కు, మీసం మాత్రం లేదు. మీసం లేని రాజేమిటో, మా నాన్న చూస్తే ముంత తిరిగి పూడ్చేసేవాడు. ప్రతి రాజు చెంప మీదా అడ్డంగా ఒక గాటు. ఇవి కరిగించి వియ్యపురాలి ఏనుగులు పొయ్యమని రాజుగారు ఆస్థానం కంసాలి మాణిక్యాచారికి పంపాడు. ముహూర్తానికి అందకపోతే కుంపటి ఎత్తేసి ఊరు దాటాలన్నాడు.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

మాణిక్యాచారి కోడలు నాంచారమ్మ. ఆ ఇంట్లో నిప్పు ఊదే పని ఆమెదే. మామగారు నాణేలు బంగారం కరిగించే మూసలో వేసి, కానీ అమ్మా, ఊదు అన్నాడు. నాంచారమ్మ ఊదుగొట్టం పట్టుకుంది. మూసలోంచి ఆ రాజు ఆమెకేసే చూస్తున్నాడు. గొట్టం కింద పెట్టేసింది. ఊదనంది.

అదేం పోయేకాలమే అని అత్తగారు లేచింది. నాంచారమ్మ ఏమందో తెలుసా? "ఊదితే నిప్పు రాజుకుంటుంది, నిప్పు రాజుకుంటే బంగారం కరుగుతుంది, బంగారం కరిగితే అచ్చులో పోస్తారు, అచ్చులో పోస్తే ఏనుగవుతుంది. ఏనుగూ వాళ్ళదే, గొప్పా వాళ్ళదే. మరి మనదేమిటి మామయ్యా?"

మాణిక్యాచారికి అరికాలి మంట నెత్తికెక్కింది. గాట్లు పడ్డ పాత సరుకు, కరిగిస్తే తప్ప దేనికీ కొరగాదన్నాడు. అప్పుడామె ఒక నాణెం తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆ గాటు ఎవరి చేతిదో చూసి చెప్పండి మామయ్యా అంది. ఆయన వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాడు. చూశాడు, చూశాడు, చూస్తూ కూలబడ్డాడు. కొత్త బంగారం ఇంటికొస్తే లోపల రాగి ఉందేమోనని ఆయనా సరిగ్గా అలాగే గాటు పెడతాడు. ఆ రాజెవరో పరాయివాడే, గాటు మాత్రం మనవాళ్ళదే. తన తాతల తాతలెవరో చెయ్యి చాపి పలకరించినట్టయి ముసలాయనకి కళ్ళనీళ్ళొచ్చాయి. అయినా రాజుగారంటే భయం. ఆ భయం నాకొదిలెయ్యండి, కోడలే చేసిందని చెప్పండి అంది నాంచారమ్మ. 

ఇక చూడండి దాని పనితనం! నాణేనికి చిల్లి పెట్టలేదు. చుట్టూ సన్నటి అంచు కట్టింది. కంసాలులంతా వెనక లక్క నింపి మూసేస్తారా, ఈవిడ వెనక తెరిచే ఉంచింది. అటొక చీల ఇటొక చీల పెట్టి, వేలితో తోస్తే నాణెం గిర్రున తిరిగేట్టు చేసింది.

పెళ్ళి రోజొచ్చింది. పందిట్లో పెట్టె తెరిచారు. వియ్యపురాలు కెవ్వుమంది. ఏనుగులేవీ? పరాయి మగాడి మొహాలు కోడలి మెళ్ళో వేలాడతాయా, అవీ గాట్లు పడ్డ మొహాలా అని పందిరి ఎగిరిపోయేట్టు అరిచింది. రాజుగారు మాణిక్యాచారికేసి ఉరిమి చూశాడు. నాంచారమ్మ చెంగు బిగించి ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"అమ్మగారూ, ఈయన ఏడు సముద్రాలవతల రోము అనే రాజ్యానికి రాజుట. మా నాయనమ్మ చెప్పేది. ఈ ఉప్పు గాలికే ఓడలేసుకొచ్చి, మా రేవులో సన్నబట్టల మూటల కోసం బంగారం పోసి పోయేవారుట. మావాళ్ళు రాజుగారి మొహం చూసి మురిసిపోలేదమ్మా. చెంప మీద గాటు పెట్టి, లోపల కూడా బంగారమే అని చూసుకున్నాకే పుచ్చుకున్నారు. మా ఊళ్ళో ఏముందని అడిగారుగా, ఇదీ ఉంది."



అప్పుడు అంతవరకూ తల దించుకుని కూచున్న సువర్చల లేచింది. తనే కాసులపేరు తీసి మెళ్ళో వేసుకుని, వేలికి నాణెం కదిలేసరికి, నాణేలన్నీ చటుక్కున తిప్పింది. వెనక ఎవరున్నారనుకున్నారు? చేతిలో ధాన్యం కంకులు పట్టుకుని పీట మీద కూచున్న అమ్మవారు! ముంత దొరికిన నాటి నుంచీ నాంచారమ్మ తప్ప అందరూ మొహమే చూశారు కానీ వెనక్కి తిప్పి చూసిన పాపాన పోలేదు. సువర్చల నవ్వుతూ, మీ ఇంట్లో రోజూ అమ్మవారి వైపే పెట్టుకుంటానత్తయ్యా, మా ఊరిని ఎవరైనా చిన్నమాటన్న రోజున మాత్రం ఇటు తిప్పుతానంది!

రాజుగారు లేచి నుంచున్నాడు. మా అమ్మే, మా అమ్మే అని కూతుర్ని పట్టుకుని ఏడ్చాడు. వియ్యపురాలు గొంతు తగ్గించి, అలాంటిది నాకూ ఒకటి చేసిపెడతావా అని నాంచారమ్మని అడిగింది. ఊదితే పోయేది, ఊదలేదు కనక నిలిచింది. కాసులపేరుకి పోగా మిగిలిన ఒక్క నాణెం రాజుగారు నాంచారమ్మ మెళ్ళో వేశాడు. మాణిక్యాచారి ఆనాటి నుంచీ ఊరంతా తిరిగి, అది మా కోడలండీ, మా కోడలు అని చెప్పుకున్నాడుట.

అందుకే అంటాను, మనదాన్ని ఎవరో నవ్వారని కుంపట్లో వేసుకోకూడదు, పెట్టెలోనూ పడెయ్యకూడదు. మీ అమ్మ వేయించిన నాణెం ఆ ముంతలోదే అని నేననను. అది మా అమ్మ నాకిచ్చింది, వాళ్ళమ్మ ఆవిడకిచ్చింది, అంతకు ముందు సంగతి నాకు తెలీదు. ఎక్కడికే లేచావు? గొలుసుకా? జాగ్రత్త, తమ్ముణ్ణి తొక్కేవు.

తెచ్చావా? మెళ్ళో వేసుకో. ఆ చెంప మీద వేలు పెట్టి చూడు, తగిలిందా గాటు? అదీ, మనవాళ్ళ చెయ్యి. ఇప్పుడు తిప్పు.

కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం.